మేధ్యరసాయనం నుండి నూట్రోపిక్ వరకు: జ్ఞాపకశక్తి ఔషధాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జ్ఞాపకశక్తిని ఔషధంతో పెంచవచ్చునన్న భావన ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలలో 'మేధ్యరసాయనం' పేరుతోనూ, ఆధునిక ఔషధశాస్త్రంలో 'నూట్రోపిక్' పేరుతోనూ కనిపిస్తుంది. ఈ రెండు భావనల చరిత్రను కాలానుక్రమంలో పరిశీలించి, మానవ జ్ఞాపకశక్తిపై ఈ ఔషధాల ప్రభావం గురించి ప్రయోగాలు ఏమి నిరూపించాయో, ఏమి నిరూపించలేదో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. మెలకువను పెంచడం, దెబ్బతిన్న జ్ఞాపకానికి చికిత్స చేయడం, ఆరోగ్యవంతుల జ్ఞాపకశక్తిని పెంచడం అనే మూడు వేర్వేరు విషయాలు ఒకే పేరు కింద కలిసిపోవడమే ఈ చరిత్రలోని ప్రధానమైన గందరగోళమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మేధ, స్మృతి, ధారణ, మేధ్యరసాయనం, బ్రాహ్మి, నూట్రోపిక్, పిరాసెటామ్, అవధానం.

1. ఉపోద్ఘాతం:

చదివినది మనసులో నిలవాలన్న కోరిక చదువంత పాతది. ఆ కోరికకు మందు వెతకడం కూడా అంతే పాతది. తెలుగు ఇళ్ళలో పసిబిడ్డకు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం, అలా చేస్తే మాటలు త్వరగా వస్తాయని నమ్మడం అందరికీ తెలిసిన ఆచారమే. గలగలా మాట్లాడే పిల్లను 'వసపిట్ట' అనడం ఆ నమ్మకం భాషలో మిగిల్చిన గుర్తు. బడి పిల్లలకు సరస్వతి ఆకు పెట్టడం కూడా ఇటువంటిదే. ఆ ఆకుకు చదువుల తల్లి పేరే ఉండటం గమనార్హం.

1972లో ఇదే కోరికకు యూరప్‌లో ఒక కొత్త పేరు ఏర్పడింది. బెల్జియంలో పనిచేస్తున్న రొమేనియా శాస్త్రవేత్త కార్నెలియు గియుర్జియా, గ్రీకు భాషలో మనస్సును, మళ్ళింపును సూచించే రెండు పదాలను కలిపి 'నూట్రోపిక్' అనే పదాన్ని సృష్టించారు. నేడు ఆ పదం ఆయన ఉద్దేశించిన పరిధిని దాటి, మాత్రలకు, పొడులకు, పానీయాలకు వ్యాపార నామంగా మారింది. పరీక్షల కాలంలో విద్యార్థులు, మతిమరుపుతో బాధపడే వృద్ధుల కుటుంబాలు ఈ పేరును నమ్మి డబ్బు ఖర్చు చేస్తున్నారు. కాబట్టి ఈ పదం వెనుక ఉన్న చరిత్రను, దాని వెనుక ఉన్న ఆధారాలను విడదీసి చూడవలసిన అవసరం ఉంది.

2. ఆయుర్వేద గ్రంథాలలో మేధ – స్మృతి:

తెలుగులో 'మేధ' అన్న పదాన్ని సాధారణంగా తెలివి అన్న అర్థంలో వాడుతున్నారు. అయితే అమరకోశం ధారణ కలిగిన బుద్ధినే మేధగా నిర్వచించింది. అంటే గ్రహించడం ఒక్కటే మేధ కాదు. గ్రహించినదానిని నిలుపుకోవడం అందులో అంతర్భాగం. చరకసంహిత 'ధీ', 'ధృతి', 'స్మృతి' అనే మూడింటిని వేరుగా చెప్పి, ఈ మూడూ భ్రష్టమైనప్పుడు మనిషి చేసే తప్పును 'ప్రజ్ఞాపరాధం' అని పేర్కొంది. గ్రహించడం, నిగ్రహించుకోవడం, స్మరించడం వేర్వేరు శక్తులన్న స్పష్టత ఆ గ్రంథంలో ఉంది.

చరకసంహిత చికిత్సాస్థానంలోని రసాయనాధ్యాయం నాలుగు మేధ్యరసాయనాలను చెబుతుంది. అవి మండూకపర్ణి స్వరసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. వీటిలో శంఖపుష్పిని విశేషంగా మేధ్యమైనదిగా పేర్కొంది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో మేధను, ఆయుష్షును కోరేవారి కోసం ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది. అందులో మండూకపర్ణి, బ్రాహ్మి, వస మొదలైనవి వేర్వేరు ప్రయోగాలుగా కనిపిస్తాయి.

ఈ సందర్భంలో సాధారణంగా విస్మరణకు గురయ్యే విషయం ఒకటి ఉంది. అదే చరకసంహిత శారీరస్థానంలో స్మృతి కలగడానికి ఎనిమిది కారణాలను చెప్పింది. నిమిత్తాన్ని గుర్తించడం, రూపాన్ని గ్రహించడం, సాదృశ్యం, వైపరీత్యం, మనస్సును లగ్నం చేయడం, అభ్యాసం, జ్ఞానయోగం, మళ్ళీ వినడం అనేవి ఆ ఎనిమిది. వీటిలో ఒక్కటి కూడా ఔషధం కాదు. మేధ్యరసాయనాలను ఉపదేశించిన గ్రంథమే, ఒక విషయం ఎలా గుర్తుకు వస్తుందన్న ప్రశ్నకు మందు పేరు చెప్పకుండా సమాధానమిచ్చింది. రసాయనం శరీరాన్ని, ఇంద్రియాలను సిద్ధం చేసే సాధనం. స్మృతి మాత్రం సంబంధాలవల్ల, అభ్యాసంవల్ల కలిగేది. అంతేకాక సత్యం పలకడం, కోపం లేకుండా ఉండటం, నిద్రను మెలకువను సమంగా పాటించడం వంటి నడవడికను కూడా చరకసంహిత 'ఆచార రసాయనం'గా పరిగణించింది. ఈ విభజనను మనసులో ఉంచుకుంటే తరువాతి చరిత్రను అర్థం చేసుకోవడం సులభమవుతుంది.

3. పేరు ఒకటి – మొక్కలు అనేకం:

ప్రాచీన ఔషధాల ప్రభావాన్ని పరీక్షించాలంటే ముందుగా గ్రంథంలోని పేరు ఏ మొక్కను సూచిస్తుందో తేలాలి. ఇది వైద్యశాస్త్ర సమస్య మాత్రమే కాక భాషా సమస్య కూడా. కేరళలో బ్రాహ్మి అంటే నీటి అంచున పాకే బకోపా మొనియెరి. ఉత్తర భారతంలో అనేకచోట్ల బ్రాహ్మి పేరుతో అమ్మేది సెంటెల్లా ఏషియాటికా, అంటే తెలుగువారి సరస్వతి ఆకు. సుశ్రుతసంహిత బ్రాహ్మిని, మండూకపర్ణిని వేర్వేరుగా చెప్పినప్పటికీ ప్రాంతీయ వ్యవహారంలో రెండు పేర్లూ కలిసిపోయాయి.

శంఖపుష్పి విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. కన్వాల్వులస్ జాతి మొక్కను కొందరు, తెలుగువారు విష్ణుక్రాంత అనే ఇవాల్వులస్ ఆల్సినాయిడిస్‌ను కొందరు, తీగకు నీలిపూలు పూసే క్లిటోరియా టెర్నేషియాను మరికొందరు శంఖపుష్పిగా స్వీకరించారు. ఈ మొక్కల రసాయనిక నిర్మాణాలు ఒకటి కావు. ఒక మొక్కపై జరిగిన ప్రయోగ ఫలితాన్ని పేరు కలిసిందన్న కారణంతో మరొక మొక్కకు అంటగట్టడం శాస్త్రీయం కాదు. బకోపాపై జరిగిన పరీక్షలను చూపించి సరస్వతి ఆకు గుణాలను నిరూపించడానికి పూనుకోవడం ఇటువంటి పొరపాటే.

వస విషయంలో మరొక హెచ్చరిక ఉంది. అకోరస్ కాలమస్ అనే ఈ మొక్క దుంపలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువులపై జరిపిన పరీక్షలలో వస తైలం కణితులకు కారణమైనట్లు తేలడంతో అమెరికా ప్రభుత్వం 1968లో దీనిని ఆహారంలో కలపడాన్ని నిషేధించింది. ప్రాచీనత ఒక పదార్థాన్ని పరిశీలించడానికి తగిన కారణం కావచ్చు. అది సురక్షితమైనదని చెప్పడానికి మాత్రం ప్రాచీనత ఒక్కటే చాలదు.

4. కొలతకు అందిన జ్ఞాపకం:

మందు జ్ఞాపకశక్తిని పెంచిందా లేదా అని చెప్పాలంటే ముందు జ్ఞాపకాన్ని కొలవాలి. ఆ పనిని మొదట పద్ధతిగా చేసినవారు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్. అర్థంలేని అక్షర సముదాయాలను తానే వల్లించి, కొంతకాలం తరువాత వాటిని తిరిగి నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కించి, ఆ ఫలితాలను 1885లో గ్రంథంగా ప్రచురించారు. మరుపు మొదటి గంటలలో వేగంగా, తరువాత నెమ్మదిగా జరుగుతుందని ఆయన చూపించారు. 12 అక్షర సముదాయాల వరుసను ఒకే విడతలో 68 సార్లు వల్లించినప్పుడు కలిగిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లిస్తేనే సిద్ధించిందన్నది ఆయన పరిశీలనలలో ముఖ్యమైనది. ఏ మందూ లేకుండానే శ్రమ దాదాపు సగానికి తగ్గింది.

1900లో మ్యూలర్, పిల్‌జెకర్ అనే పరిశోధకులు కొత్తగా నేర్చుకున్న విషయం స్థిరపడటానికి కొంత సమయం పడుతుందని ప్రతిపాదించారు. ఈ స్థిరీకరణ భావన తరువాతి ఔషధ పరిశోధనకు పునాది అయింది. 1917లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ, స్ట్రిక్నిన్‌ను అతి తక్కువ మోతాదులో ఇచ్చిన ఎలుకలు చిక్కుదారిని త్వరగా నేర్చుకున్నాయని ప్రకటించారు. స్ట్రిక్నిన్ ముషిణి గింజలలో ఉండే విషం. మోతాదు కొద్దిగా పెరిగినా మూర్ఛలు కలిగి ప్రాణం పోతుంది కనుక మనుషులకు దానిని ఇచ్చే ప్రశ్నే లేదు.

అయితే ఎలుక త్వరగా నేర్చుకోవడానికి కారణం జ్ఞాపకమా, చురుకుదనమా అన్న సందేహం మిగిలింది. 1960లలో జేమ్స్ మెక్‌గా ఈ సందేహాన్ని ఒక సులభమైన మార్పుతో పరిష్కరించారు. మందును శిక్షణకు ముందు కాక, శిక్షణ ముగిసిన వెంటనే ఇచ్చారు. నేర్చుకునే సమయంలో శరీరంలో మందు లేదు కనుక దాని ప్రభావం స్థిరీకరణపైనే అయి ఉండాలి. మరుసటి పరీక్షలో ఆ జంతువులు మెరుగైన ఫలితాన్ని చూపాయి. జ్ఞాపకం ఏర్పడే క్రమాన్ని రసాయనంతో ప్రభావితం చేయవచ్చునని దీనివల్ల తేలింది. కానీ ఆ ప్రభావాన్ని మనిషికి సురక్షితమైన ఔషధంగా మార్చడం మరొక సమస్య.

5. మెలకువను జ్ఞాపకమని భ్రమించిన దశ:

1887లో లజార్ ఎడెలియాను బెర్లిన్‌లో ఆంఫెటమిన్‌ను తయారు చేశారు. నాలుగు దశాబ్దాల పాటు దాని ఉపయోగం ఎవరికీ తెలియలేదు. 1930లలో అది బెంజెడ్రిన్ పేరుతో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. ముక్కుదిబ్బడకు వచ్చిన మందు నిద్రను ఆపుతుందని తెలిసిన తరువాత, ఆ దశాబ్దం చివరికే విద్యార్థులు పరీక్షల ముందు దానిని వాడటం మొదలుపెట్టారు. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులకు, విమాన చోదకులకు ఈ మందును పంచిపెట్టారు. 1944లో లియాండ్రో పానిజాన్ తయారు చేసిన మిథైల్‌ఫెనిడేట్ 1950లలో రిటాలిన్ పేరుతో వెలువడింది. శ్రద్ధాలోప సమస్య ఉన్న పిల్లలకు ఇది నేటికీ వైద్యులు ఇచ్చే మందు.

ఈ మందులు అలసటను కప్పిపుచ్చుతాయి, మెలకువను పొడిగిస్తాయి, పనిపై ఆసక్తిని పెంచుతాయి. వాడినవారికి తమ బుద్ధి పదునెక్కినట్లు అనిపిస్తుంది. ఆ అనుభూతి, జ్ఞాపకంలో నిజంగా వచ్చే మార్పు ఒకటి కావు. పైగా నేర్చుకున్నది స్థిరపడటంలో నిద్రకు ముఖ్యమైన పాత్ర ఉందని తరువాతి పరిశోధనలు చూపాయి. నిద్రను ఆపి చదివినవారు, చదివినది నిలిపే పరిస్థితినే కోల్పోతున్నారన్నమాట. అలవాటుగా మారడం, గుండెపై భారం వంటి ప్రమాదాలవల్ల అనేక దేశాలు ఈ మందులను కఠినమైన నియంత్రణలోకి తెచ్చాయి.

6. జ్ఞాపకపు అణువు కోసం అన్వేషణ:

1953లో డి.ఎన్.ఎ. నిర్మాణం తెలిసిన తరువాత, వంశపారంపర్య సమాచారం అణువులో నిలిచినట్లే అనుభవం కూడా ఏదో ఒక అణువులో నిలుస్తుందన్న ఆశ కలిగింది. స్వీడన్ శాస్త్రవేత్త హోల్గర్ హైడెన్ నేర్చుకునే సమయంలో నాడీకణాలలోని ఆర్.ఎన్.ఎ. మారుతుందని ప్రకటించారు. అమెరికాలో జేమ్స్ మెక్‌కానెల్, శిక్షణ పొందిన ప్లనేరియా అనే చదును పురుగులను ఇతర పురుగులకు తినిపిస్తే ఆ శిక్షణ బదిలీ అవుతుందని 1960లలో ప్రకటించి సంచలనం కలిగించారు. కెనడాలో యూవెన్ కామెరన్ మతిమరుపు ఉన్న వృద్ధులకు ఈస్ట్ నుండి తీసిన ఆర్.ఎన్.ఎ.ను ఇచ్చి ప్రయోజనం కనిపించిందన్నారు.

ఈ ఆశ ఎక్కువ కాలం నిలవలేదు. జ్ఞాపకం బదిలీ అవుతుందన్న ఫలితాలను తాము మళ్ళీ పొందలేకపోయామని పలు ప్రయోగశాలల పరిశోధకులు కలిసి 1966లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. అదే సంవత్సరం ఒక అమెరికా ఔషధ సంస్థ పరిశోధకులు పెమోలిన్ అనే మందు ఎలుకల అభ్యాసాన్ని మెరుగుపరుస్తుందని ప్రకటించగా, దానికి జ్ఞాపకపు మాత్ర అన్న ప్రచారం లభించింది. మనుషులపై జరిపిన పరీక్షలలో జ్ఞాపకశక్తి పెరిగినట్లు నిరూపణ కాలేదు. తరువాత అది శ్రద్ధాలోప చికిత్సలో కొంతకాలం ఉపయోగపడి, కాలేయాన్ని దెబ్బతీస్తున్న కారణంగా 2005లో అమెరికా మార్కెట్ నుండి తొలగిపోయింది. జంతువులలో కనిపించిన ఫలితం మనిషికి వర్తించకపోవడం, ఒక ప్రయోగశాలలో కనిపించినది మరొకచోట కనిపించకపోవడం అనే రెండు పాఠాలను ఈ దశ మిగిల్చింది.

7. 'నూట్రోపిక్' పదం పుట్టుక:

1964లో బెల్జియంలోని యు.సి.బి. సంస్థలో పిరాసెటామ్ తయారైంది. గాబా అనే నాడీ రసాయనానికి వలయాకార రూపమైన ఈ పదార్థంలో మత్తును కలిగించే గుణం ఉంటుందని పరిశోధకులు ఆశించారు. ఆ గుణం కనిపించలేదు. దానికి బదులు ప్రాణవాయువు తగ్గినప్పుడు, విద్యుత్ ఘాతం ఇచ్చినప్పుడు జంతువులలో కలిగే మరుపును అది తగ్గించింది. అప్పటికే ఉన్న ఏ ఔషధ వర్గంలోనూ ఇది ఇమడకపోవడంతో గియుర్జియా కొత్త వర్గాన్ని ప్రతిపాదించారు.

ఆయన దృష్టిలో నూట్రోపిక్ అనిపించుకోవడానికి కొన్ని లక్షణాలు అవసరం. అది అభ్యాసాన్ని, జ్ఞాపకాన్ని మెరుగుపరచాలి. వాటిని భంగపరచే పరిస్థితులను ఎదుర్కొనే శక్తినివ్వాలి. మెదడును భౌతిక, రసాయనిక హానుల నుండి కాపాడాలి. మెదడు ఉపరితల భాగం, లోపలి భాగాలను అదుపు చేసే వ్యవస్థను బలపరచాలి. మత్తు, ఉద్రేకం వంటి ఇతర మానసిక ఔషధాల గుణాలు దానికి ఉండకూడదు. దుష్ప్రభావాలు, విషగుణం అతి తక్కువగా ఉండాలి. ఈ నిర్వచనం ప్రకారం ఆంఫెటమిన్, కాఫీలోని కెఫీన్ వంటి ఉత్తేజకాలు నూట్రోపిక్స్ కావు. నేడు అవే ఆ పేరుతో ప్రచారం పొందుతున్నాయి. పదం వ్యాపించిన కొద్దీ దాని నిర్వచనం పలచబడింది.

పిరాసెటామ్ ప్రభావం గురించి 1976లో డైమండ్, బ్రౌవర్స్ అనే పరిశోధకులు ఆసక్తికరమైన ఫలితాన్ని ప్రకటించారు. ఆరోగ్యవంతులైన 16 మంది విద్యార్థులలో, రోజుకు 4.8 గ్రాముల చొప్పున 14 రోజులు ఈ మందు తీసుకున్నవారు పదాలను నేర్చుకోవడంలో మెరుగుదల చూపారు. అయితే ఇది చాలా చిన్న సంఖ్య. ఇంత చిన్న ప్రయోగం పెద్ద ప్రయోగానికి ప్రేరణ కావాలే తప్ప తుది తీర్పు కాకూడదు. మతిక్షీణత ఉన్న రోగులపై జరిగిన పరీక్షలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష, వైద్యుల సాధారణ అంచనాలో కొంత మెరుగుదల కనిపించినా, జ్ఞాపకశక్తికి సంబంధించిన కొలతలలో ప్రయోజనాన్ని సమర్థించే ఆధారాలు లేవని తేల్చింది. ఒక వర్గానికే పేరునిచ్చిన ఔషధం ఆ వర్గపు మొదటి లక్షణాన్నే నిస్సందేహంగా నిరూపించుకోలేకపోయింది.

8. దెబ్బతిన్న జ్ఞాపకానికి చికిత్స:

ఈ చరిత్రలో కొంత స్థిరమైన ఫలితం లభించింది చికిత్సారంగంలోనే. ఉమ్మెత్త జాతి మొక్కలలో ఉండే స్కోపొలమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనం పనిని అడ్డుకుంటుంది. ఈ మందును ఇచ్చినప్పుడు ఆరోగ్యవంతులైన యువకులు జ్ఞాపక పరీక్షలలో వృద్ధులను పోలిన ఫలితాలను చూపారని డ్రాక్‌మన్, లెవిట్ 1974లో ప్రకటించారు. అల్జీమర్స్ రోగుల మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే వ్యవస్థ క్షీణించిందని రెండేళ్ళలోపే తెలిసింది. ఈ రెండింటి ఆధారంగా ఆ రసాయనం త్వరగా విచ్ఛిన్నం కాకుండా ఆపే మందులు వచ్చాయి. 1993లో అమెరికాలో అనుమతి పొందిన టాక్రిన్ కాలేయానికి హాని చేయడంవల్ల వాడుక నుండి తప్పుకోగా, 1996లో వచ్చిన డోనెపెజిల్ నేటికీ వాడుకలో ఉంది.

ఈ మందుల ప్రయోజనాన్ని ఉన్నదున్నట్లు చెప్పుకోవాలి. కొందరు రోగులలో లక్షణాలు కొంతకాలం పాటు కొంత మేర మెరుగుపడతాయి. వ్యాధి మూలం ఆగదు, పోయిన జ్ఞాపకం తిరిగిరాదు. అయినా ఇంట్లోవారిని గుర్తుపట్టే శక్తి మరికొన్ని నెలలు నిలవడం కుటుంబానికి చిన్న విషయం కాదు. మరోవైపు గింకో బైలోబా ఆకుల సారం మతిక్షీణతను నివారిస్తుందన్న నమ్మకాన్ని అమెరికాలో 3,069 మంది వృద్ధులపై సుమారు ఆరేళ్ళపాటు పరీక్షించారు. 2008లో వెలువడిన ఆ ఫలితాలలో నివారణ గుణం ఏదీ కనిపించలేదు.

9. ప్రయోగశాలలో బ్రాహ్మి:

లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో బకోపా మొనియెరిపై జరిగిన పరిశోధన మేధ్యరసాయన భావనను ఆధునిక పరీక్షకు నిలబెట్టిన ముఖ్యమైన ప్రయత్నం. ఈ మొక్కలోని బకోసైడ్లు ఎలుకల అభ్యాసాన్ని మెరుగుపరుస్తాయని 1980లలో అక్కడి శాస్త్రవేత్తలు చూపారు. తరువాత ఆస్ట్రేలియాలో మనుషులపై వరుసగా పరీక్షలు జరిగాయి. 2001లో 38 మందికి 300 మిల్లీగ్రాముల సారాన్ని ఒక్క మోతాదుగా ఇచ్చి చూసినప్పుడు ఏ మార్పూ కనిపించలేదు. అదే ఏడాది 46 మందికి 12 వారాలపాటు ఇచ్చినప్పుడు నేర్చుకునే వేగంలోనూ, స్థిరీకరణలోనూ మెరుగుదల కనిపించింది. 2002లో 40 నుండి 65 ఏళ్ళ మధ్య వయసుగల 76 మందిపై జరిగిన పరీక్షలో ఒక సూక్ష్మమైన భేదం తేలింది. నేర్చుకునే వేగం మారలేదు, కొత్తగా నేర్చుకున్నదానిని మరిచిపోయే వేగం మాత్రం తగ్గింది.

'ధారణ కలిగిన బుద్ధి' అన్న మేధ నిర్వచనానికి ఈ ఫలితం దగ్గరగా ఉండటం ఆలోచించదగినది. అయినా దీనిని పెద్దది చేసి చూపకూడదు. ఇటువంటి ఆరు పరీక్షలను సమీక్షించిన 2012 నాటి అధ్యయనం, స్వేచ్ఛాస్మరణకు సంబంధించిన 17 కొలతలలో 9 మాత్రమే మెరుగుదల చూపాయని పేర్కొంది. 2014లో 9 పరీక్షల ఫలితాలను క్రోడీకరించిన మరొక అధ్యయనం అవధాన వేగంలో ప్రయోజనాన్ని ప్రధానంగా గుర్తించి, ఇంకా పెద్ద పరీక్షలు అవసరమని సూచించింది. వికారం, విరేచనాలు వంటి ఇబ్బందులు కూడా నమోదయ్యాయి. ఈ ఫలితాలు వారాల తరబడి నిర్ణీత ప్రమాణంలో తీసుకున్న సారానికి చెందినవి. పరీక్షకు ముందురోజు మింగే మాత్రకు, సరిగా గుర్తింపులేని పొడికి ఇవి వర్తించవు.

10. ఆరోగ్యవంతులు – తెలివి మందులు:

ఫ్రాన్స్‌లో తయారై, నిద్రాలోలత వ్యాధి చికిత్సకు 1998లో అమెరికాలో అనుమతి పొందిన మొడాఫినిల్ ఇటీవలి కాలపు 'తెలివి మందు'గా పేరుపడింది. 1990 నుండి 2014 వరకు ఆరోగ్యవంతులపై వెలువడిన 24 అధ్యయనాలను 2015లో బాటిల్‌డే, బ్రెమ్ సమీక్షించారు. ప్రణాళిక, నిర్ణయం వంటి క్లిష్టమైన పనులలో కొంత ప్రయోజనం కనిపించింది. జ్ఞాపకానికి సంబంధించిన ఫలితాలలో ఏకరూపత లేదు.

2023లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వెలువడిన అధ్యయనం మరొక కోణాన్ని చూపింది. ఆరోగ్యవంతులైన 40 మందికి మిథైల్‌ఫెనిడేట్, మొడాఫినిల్, డెక్స్‌ట్రోఆంఫెటమిన్, ఉత్తుత్తి మాత్ర వేర్వేరు రోజులలో ఇచ్చారు. పరిమిత బరువు మోయగల సంచిలో ఏ వస్తువులను సర్దితే విలువ ఎక్కువవుతుందో తేల్చే లెక్కలను వారికి ఇచ్చారు. మందు తీసుకున్నప్పుడు వారు ఎక్కువ సమయం, ఎక్కువ శ్రమ వెచ్చించారు. కానీ ఆ శ్రమ నాణ్యత తగ్గింది. ఎత్తుగడ లేకుండా వస్తువులను అటూ ఇటూ మార్చడం పెరిగింది. శ్రమించాలన్న ఉత్సాహం పెరగడం, శ్రమ ఫలించడం వేర్వేరని ఈ ప్రయోగం చూపింది. 1930లలో బెంజెడ్రిన్ కలిగించిన భ్రమకు ఇది ఆలస్యంగా లభించిన వివరణ.

11. ఔషధం లేని ధారణ:

జ్ఞాపకశక్తి పరాకాష్ఠను చూపే సంప్రదాయం తెలుగు సాహిత్యంలోనే ఉంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి అంశాలతో అవధానిని పరీక్షిస్తారు. అప్రస్తుత ప్రసంగం ఏకాగ్రతను చెదరగొడుతుంది. చివరలో అవధాని పద్యాలన్నింటినీ వరుసగా అప్పజెప్పే ఘట్టానికే ధారణ అని పేరు. తిరుపతి వేంకటకవుల కాలం నుండి ఈ ప్రక్రియ విశేష ప్రచారం పొందింది.

ధారణలో అవధానికి సహాయపడే అంశాలు పరిశీలించదగినవి. గణాలు పద్యపు పొడవును నిర్ణయిస్తాయి. యతి, ప్రాసలు మరిచిన పదానికి ఆనవాళ్ళుగా పనిచేస్తాయి. అన్నింటికంటే ముఖ్యంగా ఆ పద్యాలు అవధాని స్వయంగా కల్పించినవి. చదివిన పదం కంటె తాను కల్పించిన పదం మనిషికి బాగా గుర్తుంటుందని స్లామెకా, గ్రాఫ్ 1978లో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. వీధిబడిలో గురువుకు పాఠం అప్పజెప్పే పద్ధతికి కూడా ఇటువంటి సమర్థన లభించింది. మళ్ళీ మళ్ళీ చదివినవారి కంటె, చదివినదానిని గుర్తు తెచ్చుకొని చెప్పినవారికే వారం తరువాత అది ఎక్కువగా నిలిచిందని రోడిగర్, కార్పికీ 2006లో చూపారు.

2017లో 'న్యూరాన్' పత్రికలో వెలువడిన అధ్యయనం, సాధారణ వ్యక్తులకు తెలిసిన స్థలాలతో పదాలను ముడిపెట్టే పద్ధతిలో ఆరువారాల శిక్షణ ఇచ్చింది. 72 పదాల జాబితాలో మొదట 26 నుండి 30 పదాలను చెప్పగలిగినవారు శిక్షణ తరువాత సగటున మరో 35 పదాలను అదనంగా చెప్పగలిగారు. పైన పేర్కొన్న ఏ ఔషధ పరీక్షలోనూ ఇంత పెద్ద మార్పు కనిపించదు. చరకసంహిత చెప్పిన సాదృశ్యం, మనోలగ్నత, అభ్యాసం అనే కారణాలకు ఈ ఫలితాలు ఎంతో సన్నిహితంగా ఉన్నాయి.

12. ముగింపు:

జ్ఞాపకశక్తి ఔషధాల చరిత్రను పరిశీలించినప్పుడు మూడు నిర్ధారణలు చేయవచ్చు. ఉత్తేజకాలు మెలకువను పెంచుతాయి, కానీ దానిని జ్ఞాపకశక్తిగా పరిగణించడానికి వీలులేదు. ఎసిటైల్‌కోలిన్ మార్గంలో పనిచేసే మందులు వ్యాధిగ్రస్తులకు పరిమితమైన ఉపశమనాన్నిస్తాయి, ఆరోగ్యవంతుల చదువుకు అవి ఉద్దేశించినవి కావు. ఆరోగ్యవంతుల జ్ఞాపకాన్ని పెంచుతాయన్న ఔషధాలలో బకోపా వంటి కొన్నింటికి మాత్రమే స్వల్పమైన ఆధారాలున్నాయి, అవి కూడా నిర్దిష్టమైన మొక్కకు, కాలానికి, మోతాదుకు కట్టుబడినవి.

భారతీయ చట్టం ఈ విషయంలో ముందుచూపుతోనే వ్యవహరించింది. ఔషధాలు, సౌందర్య సాధనాల నిబంధనలు, 1945లోని 'జె' షెడ్యూల్, మందులు నయం చేస్తాయని చెప్పుకోరాని అంశాల జాబితాలో మెదడు సామర్థ్యాన్ని పెంచడాన్ని, జ్ఞాపకశక్తిని మెరుగుపరచడాన్ని చేర్చింది. అయినా ఆ వాగ్దానాలు రూపం మార్చుకుంటూ ప్రచారంలో కొనసాగుతూనే ఉన్నాయి. మరిచిపోతామన్న భయం ఉన్నంతకాలం వాటికి కొనుగోలుదారులు ఉంటారు.

విద్యార్థికి ఈ చరిత్ర చెప్పే మాట కొత్తది కాదు. విడతలుగా చదవడం, అప్పజెప్పడం, అర్థంతో ముడిపెట్టడం, తగినంత నిద్రపోవడం అనేవి కొలతకు నిలిచిన మార్గాలు. అయితే వయసుతోపాటు మతిమరుపు పెరుగుతున్న వృద్ధునికి ఈ సలహా చాలదు. ఆయనకు కావలసింది సకాలంలో వైద్యపరీక్ష. ఈ ఇద్దరి అవసరాలనూ ఒకే మాత్ర తీరుస్తుందని చెప్పే ప్రకటన ఇద్దరికీ అన్యాయం చేస్తుంది. మేధను, స్మృతిని, ధారణను విడివిడిగా పేర్కొన్న ప్రాచీన పరిభాషను నేటి ప్రయోగ ఫలితాలతో కలిపి చదివితే ఈ భేదం స్పష్టమవుతుంది. తెలుగులో వైద్యచరిత్ర రచన ఈ దిశగా సాగవలసి ఉంది.